మార్కుల పేజీ జోలికి వెళ్లే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఆదివారం నువ్వు విజయవాడ నుంచి వచ్చి చూపించిన పైథాన్ లైబ్రరీని, అదే నువ్వు రాసిన కోడ్ మూటని, రాత్రి కూర్చుని లైను లైనూ చదివాను. యూనివర్సిటీ సైట్లోంచి హాజరు, ఇంటర్నల్స్, సెమిస్టర్ మార్కులు తెచ్చి ఒకచోట చూపిస్తోంది. మంచి పని. కానీ హాల్ టికెట్ నంబర్ల వరస ఇస్తే అందరి మార్కులూ తెచ్చే కోడు ముక్క (ఫంక్షన్) ఒకటుంది చూడు, అది తీసెయ్ నాన్నా.

మన వైపు ఇంజనీరింగ్ హాల్ టికెట్ నంబర్ సంగతి నీకు తెలుసు. మొదటి రెండంకెలు చేరిన ఏడాది, తర్వాత కాలేజీ కోడ్, 1ఏ అంటే రెగ్యులర్, 5ఏ అంటే డిప్లొమా చదివి రెండో ఏట చేరినవాళ్లు, 05 అంటే సీఎస్ఈ, చివర రోల్ నంబర్. ఒకరిది తెలిస్తే క్లాసంతటిదీ తెలిసినట్టే. నేను చదువుకునేటప్పుడు ఇలాంటి స్క్రిప్టే రాశాను. రిజల్ట్స్ వచ్చిన రోజు మా సెక్షన్ మార్కులన్నీ ఎక్సెల్ షీట్లో పెట్టి నలుగురికి పంపాను. సాయంత్రానికి హాస్టలంతా తిరిగింది. మూడు సబ్జెక్టులు పోయిన ఒకమ్మాయి ఇంట్లో చెప్పుకోకముందే వాళ్ల నాన్న చేతికి ఆ షీట్ చేరింది. వారం రోజులు తను క్లాసుకు రాలేదు. ఎదురుపడి క్షమించమని అడగడానికి నాకు ఏడాది పట్టింది.

అందుకని ఎవరి లాగిన్‌తో తెరిస్తే వాళ్ల రికార్డే రావాలి. అనుమతి లేకుండా కంప్యూటర్లోంచి డేటా తీసుకోవడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందకి వస్తుంది. ముందు యూనివర్సిటీ వాళ్లకు ఉత్తరం రాసి అనుమతి అడుగు.

ఇక కోడు. లాగిన్ ఒక్కోసారి పనిచేయడం లేదన్నావు కదా. ఆ సైటు, వెబ్‌సైట్లు కట్టే మైక్రోసాఫ్ట్ పనిముట్టు ఏఎస్పీ డాట్ నెట్‌లో కట్టింది. ఫారంలో వ్యూస్టేట్ అని కనబడని గడి ఉంటుంది. ముందు పేజీ తెచ్చుకుని, అందులో ఉన్న విలువనే పాస్‌వర్డ్‌తో పాటు తిప్పి పంపాలి, అదీ ఒకే సెషన్‌లో, అంటే సర్వర్ నిన్ను అదే మనిషిగా గుర్తుపట్టేలా. సర్వర్ నుంచి 200, అంటే పేజీ సరిగా పంపానన్న సంకేతం, వచ్చింది కదాని లోపలికి వెళ్లినట్టు కాదు. లాగిన్ పేజీ మళ్లీ వచ్చినా 200 వస్తుంది. లాగౌట్ లింకు కనబడిందా లేదా చూడు.

మార్కుల గడిలో అంకె లేకపోతే సున్నా వేస్తున్నావు. ఇది చాలా పెద్ద తప్పు. అక్కడ ఏబీ అని ఉంటే పరీక్షకు రాలేదని, విత్‌హెల్డ్ అని ఉంటే ఫలితం ఆపి ఉంచారని అర్థం. ఫలితం ఆగిన కుర్రాడికి సున్నా చూపిస్తే ఆ రాత్రి వాడికి నిద్ర పట్టదు. ఏముంటే అదే చూపించు. గడుల్ని కూడా వరస సంఖ్యతో కాకుండా పైనున్న శీర్షిక పేరుతో పట్టుకో. వాళ్లు మధ్యలో ఒక కాలమ్ చేర్చారంటే ఇంటర్నల్స్ వచ్చి ఎక్స్‌టర్నల్స్‌లో పడతాయి.

రిక్వెస్టుకీ రిక్వెస్టుకీ మధ్య రెండు మూడు సెకన్లు ఆగు. 429 అనే సంకేతం వస్తే సర్వర్ ఆగమంటోందని. ఎంతసేపో జవాబుతో పాటు వచ్చే రిట్రై ఆఫ్టర్ అనే వరసలో చెబితే అంతసేపూ ఆగు. రిజల్ట్స్ రోజున అసలు నడపకు.

కోడు పరీక్షించి చూసుకోవడానికి దాచిన పేజీల్లో పేర్లు, నంబర్లు మార్చెయ్. పాస్‌వర్డ్ ఎప్పుడూ, టైపు చేసేది తెరమీద కనబడనివ్వని గెట్‌పాస్‌తో అడుగు, ఫైల్లో రాయకు. పాత కమిట్లలో, అంటే కోడు మార్పుల చరిత్రలో, నీ స్నేహితుడి పాస్‌వర్డ్ నాకు కనబడింది. ఫైల్లో చెరిపినా చరిత్రలో ఉంటుంది. ఈ ఉత్తరం చదవగానే వాడికి ఫోన్ చేసి మార్చుకోమను.

ఇట్లు,
మీ మావయ్య