రిజిస్టరు తెరిచే ముందు

చిన్నోడికి ఆశీస్సులు.

ఆదివారం పూజ అయ్యాక మీ అమ్మ ఫోన్ చేసింది. మన విచారణకు, అదే మన ఊరి కతోలిక గుడి సంఘానికి, వందేళ్ల పండుగ వస్తోందని, చరిత్ర పుస్తకం పని నువ్వు నెత్తికెత్తుకున్నావని చెప్పింది. జూట్ మిల్లు క్వార్టర్లలో పుట్టి పెరిగిన కుటుంబం మనది. అందులోంచి ఒకడు మన గుడి చరిత్ర రాస్తున్నాడంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అంతలో ఇంకో మాట కూడా చెప్పింది. పాత రిజిస్టర్లన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి విచారణ వాట్సాప్ గ్రూపులో పెడతావట. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే తాతా, సరే తాతా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. తాపీగా చదువు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలియనివి కావు. ఫాదర్ గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకో. రిజిస్టరును గుడి గుమ్మం దాటించకు. పెన్ను పక్కన పెట్టి పెన్సిలుతో రాసుకో. ఏ మాట ఏ పేజీలోదో అప్పటికప్పుడే వేసుకో. పని అయిపోగానే ఇనప బీరువాలో పై అరలోనే పెట్టు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కింది అరలోకి నీళ్లు వచ్చి, సమాధుల పుస్తకంలో కాగితాలు అప్పడాల్లా అతుక్కుపోయాయి. విడదీయబోతే అక్షరాలు వేళ్లకు అంటుకొచ్చాయి.

మొదలు ఎక్కడ పెట్టాలి అన్నది కాస్త ఆలోచించు. అందరూ పునాది రాయి మీద ఉన్న ఏడాది పట్టుకుంటారు. గుడి కట్టిన ఏడాది వేరు, విచారణ అయిన ఏడాది వేరు. ఫాదర్ గారు ఇక్కడ మకాం పెట్టకముందు నెలకో రెండు నెలలకో వచ్చి పూజ చేసి వెళ్లేవారని మా నాన్న చెప్పేవాడు. నాన్న ఉపదేశి కదా, ఆ రోజుల్లో జపాలు, బోధనలు, చావు ప్రార్థనలు అన్నీ ఆయన మీదే నడిచేవి. అప్పటి జ్ఞానస్నానాలు మన రిజిస్టర్లో వెతికితే దొరకవు. ఆ ఫాదరు ఎక్కడ ఉండేవారో ఆ ఊరి పుస్తకంలో ఉంటాయి.

మన ప్రాంతానికి సవోయ్ సీమలోని అన్నెసీ పట్టణం నుంచి ఫ్రాన్సిస్ ది సాలెస్ సభ ఫాదర్లు 1846లో వచ్చి విశాఖపట్నంలో దిగారు. నేను మన గుడి డెబ్బై అయిదేళ్ల పండుగకు వేసిన పుస్తకంలో వాళ్లను "ఫ్రాన్సు దేశస్థులు" అని రాసేశాను. వాళ్ల భాష ఫ్రెంచే. కానీ వాళ్ల సవోయ్ సీమ ఫ్రాన్సులో కలిసింది 1860లో. ఆ తప్పు నువ్వు దిద్దు. విశాఖ మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ గారి పాలన కింది ప్రాంతం, 1886లో ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను విడదీసి శ్రీకాకుళం మేత్రాసనం చేసింది 1993లోనే. కాబట్టి అంతకు ముందు పీఠాధిపతులకు, అంటే బిషప్పులకు, మన ఊరి నుంచి వెళ్లిన ఉత్తరాల కోసం విశాఖలో అడగాలి. ఇంకోటి, మన విజయనగరం జిల్లాయే 1979లో పుట్టింది. పాత కాగితాల్లో జిల్లా పేరు వేరే ఉంటే కంగారుపడకు.

ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. దొరకనిది మిల్లు. మన గుడి గంట మిల్లు కూతను బట్టి మోగేది. పొద్దున్న ఆరింటి షిఫ్టు వాళ్లకు అందేలా తెల్లవారుజామున ఒక పూజ ఉండేది. రాత్రి షిఫ్టు దిగిన వాళ్లు ఇంటికి పోకుండా సరాసరి రెండో పూజకు వచ్చేవారు. స్పిన్నింగ్‌లో చేసే ఆడవాళ్ల జుట్టు నిండా నార నూగు ఉండేది. గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో దులుపుకుని, అదే కొంగు తలమీద కప్పుకుని లోపలికి వచ్చేవారు. పూజ అయ్యేసరికి గడప పక్కన ఆ నూగు చిన్న కుప్పగా ఉండేది. గోగునార ఊరబెట్టే రోజుల్లో గుళ్లో సాంబ్రాణి వేసినా చెరువు వాసన పోయేది కాదు. మిల్లు మూసిన నెలల్లో కానుకల పళ్లెం ఖాళీగా తిరిగేది. ఈ సంగతులు చెప్పగలిగిన ముసలమ్మలు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు. రిజిస్టర్లు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

డెబ్బై అయిదేళ్ల పండుగకు స్మరణిక వేసే పని నాకు అప్పగించారు. అప్పటి ఫాదర్ గారు నన్ను నమ్మి బీరువా తాళం చేతిలో పెట్టారు. మొదటి జ్ఞానస్నానాల రిజిస్టరు తెరిచాను. అంతా లాటిన్. ఆ చేతిరాత చూసి ముచ్చటపడ్డాను. నల్ల సిరా కాస్త గోధుమ రంగుకు తిరిగింది, అక్షరాలు మల్లెమొగ్గలు గుచ్చినట్టు ఉన్నాయి. ఒక పేజీ ఫొటో తీయించి అట్ట లోపలి వైపు నిండుగా వేయించాను. ఆ పేజీలో ఏం రాసుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అందంగా ఉంది, అంతే.

పండుగ పూజ అయ్యాక పుస్తకాలు పంచాం. పందిట్లో పులిహోర పొట్లాలు పట్టుకుని జనం కూర్చున్నారు. సెలవులకు వచ్చిన ఒక గురువిద్యార్థి, అదే ఫాదరు కావడానికి చదువుకుంటున్న కుర్రాడు, ఉన్నాడు, లాటిన్ వచ్చినవాడు. "మా తాత పేరుందా, మా నాయనమ్మ పేరుందా చదువు బాబూ" అని అందరూ అతని చుట్టూ చేరారు. అతను ఒక్కో వరుసా చదువుతూ తెలుగులో చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేను గర్వంగా పక్కనే నిలబడ్డాను. ఆరో వరుసకు వచ్చాడు. "ఫీలియా పాత్రిస్ ఇగ్నోతి" అని చదివి, అదే ఊపులో "తండ్రి ఎవరో తెలియని కూతురు" అనేశాడు. నోటిలోంచి మాట వచ్చాక గానీ అతనికి అర్థం కాలేదు. ఆ కూతురు అక్కడే ఉంది. డెబ్బై దాటిన మనిషి. గోనెసంచులు కుట్టీ కుట్టీ వేళ్లు వంకరపోయిన మనిషి. పక్కన కొడుకు, కోడలు, మనవలు. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ పులిహోర పొట్లం బల్ల మీద పెట్టి, పుస్తకం మూసి, కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచి వెళ్లిపోయింది. పేరు రాయను. నువ్వూ ఎవర్నీ అడగకు.

మూడు రోజులు నేను గడప దాటలేదు. తర్వాత ఇంటింటికీ తిరిగి పుస్తకాలు వెనక్కి అడిగాను. 300 కాపీలు వేస్తే 110 తిరిగి వచ్చాయి. అడుగుతుంటే ఎందుకని ఎదురు ప్రశ్న, దాంతో తెలియని వాళ్లకూ తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

అప్పట్లో అలా రాయడం ఆ ఫాదరు కఠినత్వం కాదని తర్వాత తెలుసుకున్నాను. 1917 నాటి తిరుసభ చట్టం ప్రకారం అలాంటి బిడ్డకు తండ్రి తెలియదని రాయాలి. 1983లో వచ్చిన కొత్త చట్టంలో తండ్రి ఊసే ఎత్తకుండా రాసే దారి ఇచ్చారు. కానీ పాత పుస్తకాల్లో రాసింది రాసినట్టే ఉంది. ఆ అక్షరాల కింద మనుషులున్నారు, వాళ్ల పిల్లలున్నారు, వాళ్ల ఇళ్లలో ఇవాళ పెళ్లి మాటలు నడుస్తున్నాయి. నీ ఫోన్‌లో ఒక్క వేలు తగిలితే చాలు. నేను 300 పుస్తకాలనే వెనక్కి తేలేకపోయాను, నువ్వు వాట్సాప్‌లో పెట్టింది ఎక్కణ్ణుంచి తెస్తావు? నీకు కావలసింది చదువు, రాసుకో, లెక్కలు వేసుకో. పేజీల ఫొటోలు మాత్రం ఎవరికీ పంపొద్దు. నీ స్నేహితుడికి కూడా. కోపంగా చెబుతున్నాను అనుకో, ఫరవాలేదు.

నెల గడిచాక ఆవిడ ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆవిడే పీట వేసి, మంచినీళ్లు ఇచ్చి, "నువ్వు రాసినావా ఏటి బాబూ, నువ్వు సూపించినావు, అంతే" అంది. ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను. కాసేపటికి "అందులో మా యమ్మ పేరుందా?" అని అడిగింది. ఉంది. చిన్నప్పుడే తల్లి పోయింది, ఆ పేరు ఎక్కడా రాసి ఉండగా ఆవిడ చూడలేదు. నా జేబులో మిల్లు చీటీ ఉంటే దాని వెనక పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో ఆ పేరు రాసి ఇచ్చాను. చదువు రాదు కదా, వేలితో అక్షరాల మీద అటూ ఇటూ తడుముకుంటూ కూర్చుంది. ఆవిడ పోయినప్పుడు ఆ చీటీని జపమాలతో పాటు పెట్టెలో పెట్టారు.

ఆ స్మరణిక కాపీ ఒకటి నా ట్రంకు పెట్టెలో ఉంది. తప్పుల తడక అయినా, అప్పటి పెద్దలు చెప్పిన మాటలు అందులో చాలా ఉన్నాయి, నీకు పనికొస్తాయి. పోస్టులో పంపను. క్రిస్మస్‌కు ముందు ఒక రెండు రోజులు వీలు చేసుకుని రా. అట్ట లోపలి పేజీ ముందు మనిద్దరం కలిసి తీసేద్దాం. మిగతాదంతా పట్టుకెళ్లు.

మీ చిన్నతాత