మైదానంలో ట్రంపెట్ వెనుకబడుతోందన్న ప్రశ్నకు సమాధానం
నమస్కారమండీ. టెక్సాస్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి ఇంట్లో మెట్రోనోమ్‌తో తాళం తప్పకుండా వాయిస్తున్నా, ఫుట్‌బాల్ మైదానంలో మార్చింగ్ బ్యాండుతో (నడుస్తూ వాయించే బృందంతో) ట్రంపెట్ వాయించేటప్పుడు మాత్రం తాళంలో వెనుకబడుతున్నాడని జడ్జీలు అన్నట్లు రాశారు. లోపం సాధనలో లేదు, చెవిని నమ్మడంలో ఉంది.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. డ్రమ్‌లైన్‌కు, అంటే బ్యాండులో డ్రమ్ములు వాయించేవారి వరుసకు, 20 మీటర్ల వెనుక నిలబడి, ఆ చప్పుడు విని వాయిస్తే, అది అతన్ని చేరడానికీ, అతని స్వరం మళ్లీ డ్రమ్ముల దాకా రావడానికీ కలిపి దాదాపు 0.12 సెకను పడుతుంది; నిమిషానికి 160 బీట్ల వేగంలో అది ఇంచుమించు మూడో వంతు బీటు. కాబట్టి డ్రమ్ములు తనకు ముందున్నప్పుడు వాటిని పట్టించుకోకుండా, డ్రమ్ మేజర్ (ఎదురుగా నిలబడి బ్యాండుకు తాళం చూపే విద్యార్థి) చేతులు చూస్తూ, తన పాదం నేలను తాకే క్షణానికి స్వరాన్ని కలపమనండి. అవి వెనుకనున్నప్పుడు మాత్రం చెవినే నమ్మాలి, ఎందుకంటే అప్పుడు రెండు ధ్వనులూ కలిసే ప్రేక్షకులను చేరతాయి.

మా అమ్మాయి తన డాట్ పుస్తకంలో (మైదానంలో ఎప్పుడు ఎక్కడ నిలబడాలో రాసుకునే చిన్న పుస్తకం) ప్రతి సెట్ (నిలబడే స్థానం) పక్కనా డ్రమ్ములు ఎటున్నాయో ‘ము’, ‘వె’ అని ఎర్ర పెన్సిలుతో రాసుకునేది; చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉన్నా, బాగా ఉపయోగపడింది. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా మెట్రోనోమ్ స్పీకరును ఎదురుగా కాక, వీపు వెనుక దూరంగా పెట్టండి.

ఇక యూఐఎల్ (టెక్సాస్ పాఠశాలల పోటీలు నిర్వహించే సంస్థ) పోటీలో ‘డివిజన్ వన్’ అంటే మొదటి స్థానం కాదు. అది రేటింగ్ మాత్రమే కాబట్టి, ఒకే రోజు ఎన్ని బ్యాండ్లకైనా రావచ్చు.