త్వరణం అంటే త్వరగా పడడమేనా?

సందేహం: మా అబ్బాయి భౌతికశాస్త్ర పుస్తకంలో 'గురుత్వ త్వరణం' అని ఉంది. త్వరగా పడుతుంది కనుక త్వరణం అన్నారా? 'గురుత్వాకర్షణ త్వరణం' అనడం ఇంకా సరైనది కాదా?
– ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: త్వరగా, త్వరణం రెండూ తొందర అనే అర్థమున్న 'త్వర' నుంచే వచ్చాయి. అయినా శాస్త్రంలో త్వరణం వేగానికి పేరు కాదు, వేగం మారే రేటుకు పేరు. మన ఉత్తరాంధ్రలో 'బేగి నడు' అనే మాట వేగానికి సంబంధించినది; నడుస్తున్నవాణ్ణి 'ఇంకాస్త బేగి నడు' అని అదిలిస్తే, అతడు అడుగు జోరు పెంచుకునే ఆ కాసేపట్లో ఉన్నది త్వరణం. మీ ఉద్దానం తోటల్లో ఇరవై మీటర్ల చెట్టు నుంచి ముచ్చిక ఊడి రాలే కొబ్బరికాయనే తీసుకోండి. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, ఊడిన క్షణాన దాని వేగం సున్న, ఒక సెకను గడిచేసరికి సెకనుకు 9.8 మీటర్లు, రెండో సెకను ముగిసి నేల తాకబోయే వేళకు 19.6 మీటర్లు. సెకను సెకనుకూ వచ్చి చేరే ఆ 9.8 త్వరణం. ఊడిన క్షణంలో వేగమే లేదు, త్వరణం మాత్రం పూర్తిగా ఉంది. 'త్వరగా పడడం' అని అర్థం చెప్పుకుంటే ఇక్కడే పొరబడతాం.

ఇక గురుత్వం అంటే బరువుతనం. తర్కశాస్త్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీన్ని తొలి పతనానికి కారణమైన గుణంగా నిర్వచించాడు. అది పడే వస్తువులో ఉండే గుణమే తప్ప, దాన్ని ఏదో లాగుతున్నదన్న ప్రసక్తి ఆ నిర్వచనంలో లేదు. ఆకర్షణ అంటే లాగడం కనుక 'గురుత్వాకర్షణ' బలానికి చక్కగా అతుకుతుంది. అయితే పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదని 1907లో ఐన్‌స్టైన్‌కు స్ఫురించిన ఆలోచన, తర్వాత ఆయన సాధారణ సాపేక్షతా సిద్ధాంతానికి పునాది అయింది. ఏ గ్రహమూ దగ్గరలేని అంతరిక్షంలో, కిటికీలు లేని గది ఒకటి అదే 9.8 త్వరణంతో పైకి పోతుంటే, లోపల నిలుచున్నవానికి అరికాళ్ల కింద నేల ఒత్తిడి అచ్చంగా సోంపేటలో నిలుచున్నట్టే తెలుస్తుంది. లాగేది లేకున్నా బరువు అనుభవానికి వచ్చిందన్న మాట. త్వరణానికీ గురుత్వానికీ ఉన్న ఈ సామ్యాన్నే తుల్యతా సూత్రం అంటారు.

అందుకే, లాగుడు అనే ఊహను లోపలికి తేని 'గురుత్వ త్వరణం' నాకు మేలైన మాటగా తోస్తుంది. 'గురుత్వాకర్షణ త్వరణం' అన్నా తప్పు లేదు, న్యూటన్ పాఠానికి అది సరిపోతుంది. మీ అబ్బాయి ఆ 9.8ని 'గురుత్వ వేగం' అని రాస్తే మాత్రం తప్పక దిద్దండి.