బొంతల మీద మిషన్‌తో కుట్టడానికి కొత్త డిజైన్లు ఎక్కడ వెతకాలి?

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. పింటరెస్ట్‌లో ఎంత వెతికినా అవే ఈకలు, అవే గులాబీలు, అవే సుడులు. ఎక్కడో ఎవరో కుట్టినదాన్ని మళ్ళీ మనం కుట్టడం దేనికి? మన వాకిళ్ళలో, మన గుళ్ళలో ఉన్నవి కుట్టడానికే ఒక జన్మ చాలదు.

మిషన్ డిజైన్‌కి అందం కంటే ముందు చూడాల్సింది సూది దారి. గుడ్డను లాగే పళ్ళు కిందికి దించేసి, గుడ్డను ఎటైనా కదలనిచ్చే డార్నింగ్ ఫుట్ సూది దగ్గర పెట్టుకుని, బొంతను రెండు చేతులతో తిప్పుతూ కుట్టేటప్పుడు మాటిమాటికీ దారం తెంపాల్సి వస్తే ప్రాణం విసిగిపోతుంది, వెనకవైపు ముళ్ళన్నీ బయటపడతాయి. మెలికల ముగ్గుతో ఆ బాధ లేదు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి గీత బయల్దేరిన చోటికే వస్తుంది, పైగా గీతలు ఒకదాన్నొకటి దాటుకుని పోతాయే తప్ప ఒకదాని మీద ఒకటి నడవవు కాబట్టి దారం ఒక్కచోటే మందంగా పేరుకోదు. అయితే అన్ని ముగ్గులూ ఒకే గీతతో రావు, కొన్నిట్లో రెండు మూడు గీతలు అల్లుకుని ఉంటాయి. కాగితం మీద వేసి, వేలు ఎత్తకుండా తిప్పి చూడండి. వేలు అంతా తిరిగొచ్చిందంటే సూదీ వస్తుంది.

ఆ మధ్య లేపాక్షి వెళ్ళాం. వచ్చినవాళ్ళంతా వేలాడే స్తంభం కింద కండువా దూర్చి లాగడం, ఫోటో దిగడం, వెళ్ళిపోవడం. నాకు కడుపు మండిపోయింది. పూర్తి కాని కల్యాణ మండపం దగ్గరే లతా మండపం ఉంది, చీర అంచుల మీద లేపాక్షి డిజైన్లని మనం మురిసిపోయేవి ఆ స్తంభాల మీదివే, ఒక్కోటీ ఒక్కో రకం, అటు తిరిగి చూసేవాళ్ళే తక్కువ! నోటుబుక్కు తీసుకుని ఒక స్తంభం ముందు కూర్చున్నాను. తీగ ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది, ప్రతి వంపులో ఒక ఆకు లోపలికి ముడుచుకుని ఉంది. "ఎండ మండిపోతోంది, ఫోటో తీసుకుని వచ్చెయ్యవే" అంటారు మా ఆయన. ఫోటోలో ఆకు కనిపిస్తుంది కానీ దారి కనిపించదు, అది చెయ్యి గీస్తేనే తెలుస్తుంది. గీస్తూ ఉండగానే అర్థమైంది: పైకి పోయేటప్పుడు తీగ ఒక అంచు, ఎడమ ఆకులు, దిగేటప్పుడు రెండో అంచు, కుడి ఆకులు. దారం ఎక్కడా తెంపక్కర్లేదు. లోపల పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలున్నాయి, మెడ నొప్పి పుట్టినా సరే, ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళు కట్టుకున్న చీరల గళ్ళూ చారలూ పువ్వులూ కూడా చూడండి.

ఇంకో మాట. ఇంట్లో పాత నూలు చీరలతో కుట్టిన బొంతను అటక మీద పడేసి, కొట్లో పాలిస్టర్ దూది కుక్కినవి వేలు పోసి కొనుక్కుంటున్నారు. కప్పుకుంటే ఒళ్ళంతా చెమట. డిజైన్ కూడా మెత్తటి నూలు మీద దిగినట్టు దాని మీద దిగదు.

గుర్తులు పెట్టుకోవడానికి ఖరీదైన పెన్నులు కొనకండి. ముదురు రంగు గుడ్డకి అరిగిపోయిన ఒంటి సబ్బు ముక్క చాలు, అంచు పలచగా ఉంటుంది కాబట్టి గీత సన్నగా పడుతుంది, ఒక్క ఉతుకుతో పోతుంది. లేత రంగైతే టైలర్ చాక్ వాడండి, కానీ ముందు ఒక మూల గీసి ఉతికి చూసుకోండి.