డిటెక్టర్ 25కు బదులు 19 చూపిస్తుంటే...

ప్రశ్న: మాది విశాఖపట్నం దగ్గర మందుల కర్మాగారం. ట్యాంకుల్లోకి మనుషులను దించే ముందు వాడే నాలుగు వాయువుల డిటెక్టర్‌ను నెలకోసారి, పాళ్లు ముందే తెలిసిన గ్యాస్ సిలిండర్‌తో మేమే క్యాలిబ్రేట్ చేసుకుంటాం, అంటే అంకెలు సరిచూసి సర్దుకుంటాం. సిలిండర్ మీద హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం (పది లక్షల పాళ్లలో 25) అని ఉంటే, డిటెక్టర్ 19 దగ్గరే ఆగిపోతోంది. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. సెన్సర్ మార్చాలా?

జవాబు: అప్పుడే మార్చకండి, 19ని 25గా సర్దేయనూ వద్దు. మిగతా మూడూ సరిగ్గా వస్తున్నాయంటే గ్యాస్ ధార బాగానే అందుతోందన్నమాట. కాబట్టి ఈ ఒక్క వాయువే దారిలో తగ్గిపోతోందా, సెన్సరే బలహీనపడిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

34 లీటర్ల గ్యాస్ నింపిన సిలిండర్‌లో 25 పీపీఎం అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ మొత్తం 0.85 మిల్లీలీటర్లే, తూకంలో మిల్లీగ్రాము కన్నా కాస్త ఎక్కువ. సిలిండర్‌ను మోయగల త్రాసు మీద అంత స్వల్పమైనదాన్ని నేరుగా తూచడం కుదరదు కనుక, తయారీదారులు ముందు గాఢమైన మిశ్రమాన్ని తూకం వేసి చేసుకుని, దాన్ని దశలవారీగా నైట్రోజన్‌తో పలచన చేస్తారు. సిలిండర్‌ను దొర్లించి వాయువులను కలిపి, ప్రామాణిక మిశ్రమంతో పోల్చి కొలిచాకే ధ్రువపత్రం ఇస్తారు. ఈ వాయువుకు లోహపు గోడలను పట్టుకునే గుణం ఉంది. అందుకే లోపలి గోడను ముందుగా శుద్ధి చేసిన అల్యూమినియం సిలిండర్‌ను వాడతారు. ఇంత శ్రమతో నిలిపిన ఆ మిల్లీగ్రామును మనం చాలాసార్లు చివరి రెండడుగుల గొట్టంలో పోగొట్టుకుంటున్నాం.

ముందు ఆ గొట్టాన్నే చూడండి. సిలికాన్, మామూలు రబ్బరు గొట్టాలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పీల్చుకుంటాయి. డిటెక్టర్ తయారీదారు సూచించిన రకాన్నే, వీలైనంత పొట్టిగా వాడండి. రెగ్యులేటర్ ఇత్తడిదైతే పక్కన పెట్టి, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తెప్పించండి. బిగించిన వెంటనే డిటెక్టర్‌కు తగిలించకుండా, గాలి బాగా ఆడే చోట ఒకటి రెండు నిమిషాలు గ్యాస్ వదిలితే లోపల మిగిలిన గాలీ తేమా బయటికి పోతాయి. అప్పటికీ 19 వస్తే, సెన్సర్ బాగుందని తెలిసిన మరో డిటెక్టర్‌ను అదే గొట్టానికి తగిలించండి. అది 25 చూపిస్తే మీ సెన్సరే బలహీనపడింది. అదీ తక్కువే చూపిస్తే లోపం గ్యాస్‌దే. పలచబడిన గ్యాస్‌తో సర్దితే డిటెక్టర్ ఆపైన ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, అలారం ఊరికే మోగుతుంది. ఊరికే మోగే అలారాన్ని పనివాళ్లు పట్టించుకోవడం మానేస్తారు. నా భయమంతా అక్కడే.

ప్రశ్న: గడువు దాటినా గేజీలో ప్రెషర్ బాగానే ఉంది. ఆ సిలిండర్ వాడుకోవచ్చా?

జవాబు: వద్దండి. గేజీ చెప్పేది ఎంత గ్యాస్ మిగిలిందన్నదే, అందులో ఏది ఎంత పాళ్లలో ఉందన్నది కాదు. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ ఎక్కువకాలం నిలిచినా, హైడ్రోజన్ సల్ఫైడ్ క్రమంగా తగ్గుతుంది. నాలుగూ కలిసిన సిలిండర్‌కు గడువును నిర్ణయించేది సాధారణంగా అదే. నిమిషానికి అర లీటరు ధారతో 34 లీటర్లు 68 నిమిషాలు వస్తాయి. మీ వాడకాన్ని లెక్కగట్టి, గడువులోగా అయిపోయే పరిమాణమే కొనుక్కోండి.