సర్వర్ల ఎంపిక నేర్చుకుంటే క్లౌడ్ కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ప్రైవేట్ క్లౌడ్ (సంస్థ తన సొంత సర్వర్ల మీద నడుపుకునే క్లౌడ్) టీమ్‌లో వేశారు. దాదాపు 60 వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్‌ను పంచుకుంటూ విడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడపడానికి ఎలాంటి సర్వర్లు కొనాలో రిపోర్ట్ రాయమన్నారు. స్నేహితులంతా పబ్లిక్ క్లౌడ్ సర్టిఫికేషన్లు చేస్తుంటే నేను హార్డ్‌వేర్ దగ్గరే ఆగిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. రిపోర్ట్ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

జవాబు: ముందు టెన్షన్ సంగతి. ఒక సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. అమెజాన్ తన క్లౌడ్‌లో వాడే నైట్రో హైపర్‌వైజర్ కేవీఎం అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా తయారైందే. ఆ కేవీఎం 2007 నుంచి లినక్స్ కెర్నల్‌లో భాగంగా ఉంది. కాబట్టి మీరు ఇక్కడ నేర్చుకునేదీ, మీ స్నేహితులు చదివేదీ వేర్వేరు దారులు కావు. వాళ్లు మెనూలో ఎంచుకునే మెషీన్ సైజు వెనక ఉన్న లెక్క మీరు చేతులారా వేస్తున్నారు. సర్టిఫికేషన్ తర్వాతైనా చేయవచ్చు. ఇలాంటి పని చదువుకునే రోజుల్లో అందరికీ దొరకదు.

ఇక రిపోర్ట్. చాలామంది ప్రాసెసర్ల జాబితా తెరిచి కూర్చుంటారు. మీరు మాత్రం ‘ఒక సర్వర్ ఆగిపోతే మిగిలినవి మొత్తం భారం మోయగలవా?’ అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. వర్చువలైజేషన్‌లో సాధారణంగా ముందు అయిపోయేది మెమరీ. ఒక్కో మెషీన్‌కు సగటున 8 జీబీ అనుకుంటే 60 మెషీన్లకు 480 జీబీ కావాలి. 256 జీబీ ఉన్న సర్వర్లు మూడు తీసుకుంటే మొత్తం 768 కనిపిస్తుంది, చాలానే ఉందనిపిస్తుంది. ఒకటి పోతే మిగిలేది 512. అందులో హైపర్‌వైజర్ తన వాటా తాను తీసుకుంటుంది. ఇక ఊపిరాడదు. 384 జీబీవి మూడు తీసుకున్నా, 256 జీబీవి నాలుగు తీసుకున్నా, ఒకటి పోయాక కూడా 768 మిగులుతుంది.

ఈ రెండింటిలో ఏది మేలో చెప్పడానికి స్టోరేజ్ చూడాలి. సర్వర్లలోని డిస్కులనే కలిపి ఒకే ఉమ్మడి స్టోరేజ్‌గా మార్చే సెఫ్ అనే సాఫ్ట్‌వేర్ వాడే ఆలోచన ఉంటే, అది మామూలుగా డేటాను మూడు కాపీలుగా, వేర్వేరు సర్వర్లలో ఉంచుతుంది. అంటే 30 టీబీ డిస్కులు కొంటే చేతికొచ్చేది 10 టీబీ లోపే. సర్వర్లు మూడే ఉంటే, ఒకటి పోయినప్పుడు మూడో కాపీ మళ్లీ తయారుచేసుకోవడానికి చోటే ఉండదు. రిపేరు అయ్యేదాకా రెండు కాపీలతోనే నెట్టుకురావాలి. ఆ స్థితిలో ఇంకో డిస్కు పోతే కొంత డేటాకు ఒక్క కాపీయే మిగులుతుంది. అందుకే నా ఓటు నాలుగు సర్వర్లకే. ఎస్‌ఎస్‌డీలు కూడా కరెంటు పోయినా రాతలు పోకుండా కాపాడే ఎంటర్‌ప్రైజ్ రకానివే అడగండి. ఇంట్లో వాడే రకం సెఫ్ కింద బాగా నెమ్మదిస్తాయి. స్టోరేజ్ ట్రాఫిక్‌కు వేరే నెట్‌వర్క్ పోర్టులు, వీలైతే 25 గిగాబిట్‌వి, ఉండాలి.

ప్రాసెసర్ ఇప్పుడు వస్తుంది. మెషీన్‌కు 4 వర్చువల్ సీపీయూలైతే మొత్తం 240. ఒక కోర్‌కు నాలుగు చొప్పున పంచినా, మామూలు ఆఫీసు పనులకు 60 కోర్లు చాలు. మూడు సర్వర్లు మిగిలినప్పుడు ఒక్కోదానికి 20 పడతాయి. కాబట్టి 24 కోర్ల ప్రాసెసర్ ఒక్కటి సరిపోతుంది, రెండు ప్రాసెసర్లుంటే ఒకదాని దగ్గరి మెమరీ ఇంకోదానికి దూరమై నెమ్మదించే గొడవ కూడా ఉండదు. భారీ డేటాబేస్‌లుంటే ఈ నిష్పత్తి తగ్గించాలి. కోర్ల సంఖ్య అనవసరంగా పెంచకండి. వీఎంవేర్ (వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్), విండోస్ సర్వర్ లైసెన్సులు కోర్ల లెక్కన వసూలు చేస్తాయి, ఒక్కోసారి సర్వర్ ధర కన్నా అవే ఎక్కువ కావచ్చు. అన్ని సర్వర్లూ ఒకే కంపెనీ ప్రాసెసర్లతో ఉండాలి. ఇంటెల్ మీద నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా ఏఎండీ మీదికి మార్చడం కుదిరే పని కాదు.

మెమరీ కార్డులు ఛానళ్లన్నీ (ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య ఉండే దారులు) నిండేలా పెట్టాలి. ఎనిమిది ఛానళ్ల ప్రాసెసర్‌కు 32 జీబీవి ఎనిమిది వేస్తే సరిగ్గా 256 అవుతుంది. 12 ఛానళ్ల ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్‌లో ఎనిమిదే వేస్తే నాలుగు ఛానళ్ల వేగం వృథా.

కెరీర్ కోణంలో ఒక మాట. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక లైసెన్సులు సబ్‌స్క్రిప్షన్‌కు మారాయి. దాంతో ప్రత్యామ్నాయాలు వెతికే సంస్థలు పెరిగాయి. అందుకని వీఎంవేర్ ఒక్కదానికే కట్టుబడకుండా లినక్స్, కేవీఎం, నెట్‌వర్కింగ్, అన్సిబుల్ (సర్వర్ల సెటప్‌ను ఆటోమేట్ చేసే సాధనం) గట్టిగా నేర్చుకోండి. కేవీఎం వాడే ప్రాక్స్‌మాక్స్ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నెస్టెడ్ వర్చువలైజేషన్‌తో (వర్చువల్ మెషీన్ లోపల మళ్లీ వర్చువల్ మెషీన్లు నడపడం) మంచి మెమరీ ఉన్న ఒకే కంప్యూటర్‌లో మూడు నోడ్ల క్లస్టర్, అంటే కలిసి పనిచేసే మూడు సర్వర్ల సమూహం, కట్టవచ్చు. కట్టాక ఒక నోడ్‌ను హఠాత్తుగా ఆపేసి, మెషీన్లు ఎంతసేపటికి తిరిగి లేచాయో రాసుకోండి. ఆ ఫలితాన్ని మీ రిపోర్ట్‌కు అనుబంధంగా జతచేయండి. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంజినీర్ ఇంటర్వ్యూలకు వెళ్లేటప్పుడు, సంస్థ అనుమతి తీసుకుని, లోపలి వివరాలు తొలగించి, ఆ లెక్కలే పట్టుకెళ్లండి.