పదిహేను వేలకి మంచి కెమెరా వస్తుందా?

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో డిగ్రీ సెకండియర్. ఫొటోలంటే పిచ్చి, నాన్న 15 వేలు ఇస్తానన్నారు. ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెల్ కెమెరా 5 వేలకే కనిపిస్తోంది, తీసుకోనా?

జవాబు: వద్దు తమ్ముడూ! అలాంటి వాటిలో సెన్సర్ (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్) చిన్నది, ఆ 48 అనేది చాలావరకు సాఫ్ట్‌వేర్‌తో సాగదీసిన లెక్కే, నీ ఫోనే అంతకంటే బాగా తీస్తుంది. సెకండ్‌హ్యాండ్‌కి వెళ్లు. 2016లో వచ్చిన కెనాన్ 1300డి 18 మెగాపిక్సెలే, అయినా నేర్చుకోడానికి బోలెడు. అదే ఏడాది వచ్చిన నికాన్ డి3400 కూడా బావుంటుంది కానీ దాని బాడీలో (అంటే లెన్స్ కాకుండా కెమెరాలో) ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి చవగ్గా వస్తోంది కదా అని సొంత మోటార్ లేని పాత 50 ఎంఎం 'డి' రకం లెన్స్ కొన్నావంటే ఆటోఫోకస్ పనిచెయ్యదు, చేత్తో రింగు తిప్పుకుంటూ కూర్చోవాలి (నేనూ ఒకసారి అలాగే బుక్కయ్యా).

కొనేముందు లెన్స్ ఊడదీసి ఫోన్ టార్చ్ వేసి దాని లోపలికి చూడు, సాలెగూడులా సన్నటి దారాలుంటే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దను. తర్వాత ఎఫ్22 (లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే సెట్టింగ్) పెట్టి తెల్లగోడని ఒక ఫొటో తీసి జూమ్ చెయ్యి, సెన్సర్ మీద దుమ్ముంటే నల్లచుక్కల్లా బయటపడిపోతుంది. నికాన్ అయితే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫొటో ఫైల్లోనే ఉంటుంది, డి3400ని లక్షసార్ల దాకా టెస్ట్ చేశామని కంపెనీ మాట, కాబట్టి 20, 30 వేలసార్లు కొట్టిందంటే భయం లేదు. మొత్తం 15 వేలూ బాడీకే పెట్టెయ్యకు, మెమరీ కార్డుకీ ఇంకో బ్యాటరీకీ కొంత ఉంచుకో.